అంబాసిడర్ వేడెక్కుతోందా? రేడియేటర్ జోలికి పోయే ముందు వాటర్ పంపు చూడండి

పాత అంబాసిడర్ వేడెక్కుతోందని ఎవరికైనా చెప్పి చూడండి, మూడే సలహాలు వస్తాయి. రేడియేటర్ దించి రాడింగ్ కొట్టించు (గొట్టాల్లో కడ్డీ పొడిచి శుభ్రం చేయించడం), థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచే వాల్వు) పీకి అవతల పారెయ్, అప్పటికీ తగ్గకపోతే పెద్ద ఫ్యాన్ బిగించు. ఈ మూడూ చేయించుకున్న బండే నా చేతికొచ్చింది. రేడియేటర్ మీద టంకం మరకలు చూస్తే దాన్ని విప్పని మెకానిక్ లేడనిపిస్తుంది, థర్మోస్టాట్ ఉండాల్సిన చోట ఖాళీ, ఫ్యానేమో ఈ బండిది కానే కాదు. అయినా వేడెక్కుతూనే ఉంది. రోగం వాటర్ పంపులో ఉంది. దాని జోలికి ఎవరూ పోలేదు, పోయిన ఒక్కరూ చేయకూడని పని చేసి వదిలారు, దాని సంగతి కిందికి వచ్చాక చెప్తాను.

బండి 1984 మార్క్ 4, 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. మా మావయ్య సెకండ్ హ్యాండ్‌లో కొని విజయవాడలోనే తిప్పారు, ఈ మధ్య కళ్ళు సరిగా ఆనక నాకు ఇచ్చేశారు. బండితో పాటు డిక్కీలో ఒక ఐదు లీటర్ల క్యాన్ కూడా ఇచ్చారు. "నీళ్ళు పోసుకుంటూ పోతే ఎంత దూరమైనా పోతుందిరా" అని ఆయన సిద్ధాంతం. అందులో అబద్ధం లేదు, పోతుంది. కాకపోతే ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయన్నది ఆయన ఎప్పుడూ అడగలేదు.

లక్షణాలు ఇవీ. పొద్దున్నే ఊళ్ళో తిరిగితే ఏమీ ఉండదు. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో నిలబడితే వేడి చూపే ముల్లు కొంచెం పైకి పోయి, కదలగానే దిగొచ్చేది. హైవే ఎక్కి డెబ్బై దాటించి కాసేపు అలాగే పోనిస్తే మాత్రం ముల్లు నెమ్మదిగా ఎక్కడం మొదలుపెట్టేది, వేగం తగ్గిస్తే తప్ప దిగేది కాదు. దీనికి తోడు బానెట్ కింద నుంచి ఒక సన్నటి గురగుర, ఎక్సలేటర్‌తో పాటు పెరిగేది. కింద నేల మీద మాత్రం ఒక్క చుక్క కనపడేది కాదు. రేడియేటర్లో నీళ్ళు మాత్రం తగ్గిపోయేవి.

ఎక్కడ వేడెక్కుతుందన్నది చాలా పెద్ద ఆధారం, దీన్ని చాలామంది పట్టించుకోరు. నిలబడినప్పుడు వేడెక్కి, నడుస్తుంటే చల్లబడితే అది సాధారణంగా గాలి సమస్య: ఫ్యాన్ తిరగేసి బిగించడమో, బెల్టు జారడమో, రేడియేటర్ రెక్కల్లో దుమ్ము, పురుగులు నిండిపోవడమో. దానికి ఉల్టాగా, హైవే మీద వేగంగా పోతుంటే వేడెక్కితే గాలి బోలెడంత ఉన్నట్టే, నీళ్ళే సరిగా తిరగడం లేదు. అంటే రేడియేటర్ గొట్టాలు మూసుకుపోయి ఉండాలి, లేదా పంపు తోయాల్సినంత తోయడం లేదు, లేదా అసలు లోపల నీళ్ళే తక్కువున్నాయి. కార్బురేటర్ మిక్స్చర్ పల్చబడటం, టైమింగ్ తప్పడం కూడా వేడి పెంచుతాయి కానీ వాటికి బండి లాగుడులోనూ తేడా తెలుస్తుంది, నా బండికి అది లేదు.

ఈ ఇంజన్లో నీళ్ళ దారి చాలా సింపుల్. రేడియేటర్ అడుగు నుంచి కింది హోస్ గుండా పంపులోకి వస్తాయి, పంపు వాటిని ఇంజన్ బ్లాకులోకి తోస్తుంది, అక్కణ్ణుంచి సిలిండర్ హెడ్‌లోకి ఎక్కి, థర్మోస్టాట్ దాటి, పై హోస్ గుండా మళ్ళీ రేడియేటర్ తలకి చేరతాయి. పంపు బ్లాకు ముందు భాగంలో నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. ఫ్యాన్ బెల్టు దాని పుల్లీని తిప్పుతుంది, ఆ పుల్లీకే ముందు వైపు ఫ్యాన్ బిగించి ఉంటుంది. అంటే ఒకే ఒక్క బేరింగ్ మీద లోపల ఇంపెల్లర్ (నీళ్ళు తోసే రెక్కల చక్రం), బయట ఫ్యాన్, పక్కకి లాగే బెల్టు, ఈ మూడింటి భారమూ పడుతుంది. ఇప్పటి చాలా కార్లలో ఫ్యాన్‌కి వేరే కరెంటు మోటారు ఉంటుంది కాబట్టి పంపుకి ఈ బాధ లేదు. పాత బండిలో బేరింగ్ పోతే పంపు పోవడమే కాదు, ముదిరితే ఫ్యాన్ ముందుకి వాలి రేడియేటర్‌ని కోసిపారేస్తుంది. నీళ్ళు పోసుకుంటూ తిరిగేవాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

సరే, అనుమానం పంపు మీదే ఉన్నా ముందు చవకగా తేలిపోయేవి చూశాను. రేడియేటర్ మూత మొదటిది. నా బండికున్నది 7 పౌండ్ల మూత, అంటే చదరపు ఇంచుకి 7 పౌండ్ల ఒత్తిడి ఆపేది. ఆ ఒత్తిడి నిలబడితే ఉత్త నీళ్ళు కూడా 111 డిగ్రీల దాకా మరగవు, రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలబడకపోతే 100కే పొంగుతాయి. మూత రబ్బరు చీలికలు తేలి ఉంది, మార్చాను. నీళ్ళు తగ్గడం ఆగలేదు.

తర్వాత హెడ్ గ్యాస్కెట్, అంటే బ్లాకుకీ సిలిండర్ హెడ్‌కీ మధ్య ఉండే పొర. దీని భయం అందరికీ ఉంటుంది, ఇంజన్ విప్పాల్సిందేనని టెన్షన్ పెట్టేసేవాళ్ళూ ఉంటారు. ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఒకటుంది. పొద్దున్నే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ బెల్టు తీసేయండి. రేడియేటర్ మూత తీసి నీళ్ళు మెడ దాకా నింపండి. ఇంజన్ స్టార్ట్ చేసి అర నిమిషం మించకుండా నడపండి, మధ్యలో ఒకసారి ఎక్సలేటర్ ఇవ్వండి. పంపు తిరగడం లేదు కాబట్టి నీళ్ళు కదలకుండా ఉండాలి. బుడగలు వరసగా పైకి వస్తుంటే సిలిండర్లోని గ్యాసు నీళ్ళలోకి దూరుతున్నట్టే. నాకు మొదట్లో రెండు బుడగలు వచ్చి ఆగిపోయాయి, అది లోపల చిక్కుకున్న గాలి. ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలరంగు లేదు, సైలెన్సర్ నుంచి తెల్లపొగ లేదు. గ్యాస్కెట్ మీద కేసు కొట్టేశాను.

ఆ పరీక్షలోనే ఇంకో విషయం కూడా తేలింది. బెల్టు లేకుండా ఇంజన్ నడిచిన ఆ కాస్త సేపట్లో గురగుర లేదు. అంటే శబ్దం బెల్టు తిప్పే వాటిలోదే: పంపుదైనా అయ్యుండాలి, ఆల్టర్నేటర్‌దైనా అయ్యుండాలి (పాత డైనమో తీసేసి ఎప్పుడో ఆల్టర్నేటర్ పెట్టారు). బెల్టు తీసే ఉంది కాబట్టి రెండింటినీ చేత్తో తిప్పి చూశాను. ఆల్టర్నేటర్ నున్నగా తిరిగింది. ఫ్యాన్ తిప్పితే చేతికి గరుకు తగిలింది, లోపల ఇసుక రేణువులున్నట్టు. ఇక ఫ్యాన్ రెక్కని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే టక్ టక్ మని కదిలింది. పంపు షాఫ్టుకి ఇలా కదిలే లూజు అసలు ఉండకూడదు. మళ్ళీ బెల్టు వేసి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన పంపు బాడీ మీద ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఈ పని చేసేటప్పుడు కండువా, వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు లాంటివి ఉండకూడదు, ఫ్యాన్ అరచేతి దూరంలోనే తిరుగుతుంటుంది.

బేరింగ్ పోయిందన్నది ఖాయమైపోయింది. కానీ నీళ్ళ లెక్క తేలలేదు. పంపు సీల్ (షాఫ్టు వెంట నీళ్ళు బయటికి రాకుండా ఆపేది) పోతే నీళ్ళు బాడీకి కింద ఉండే చిన్న రంధ్రం గుండా కారాలి. వీప్ హోల్ అంటారు. సీల్‌కీ బేరింగ్‌కీ మధ్య దాన్ని కావాలనే పెట్టారు, సీల్ దాటిన నీళ్ళు బేరింగ్‌లోకి పోకుండా బయటికి పోవడానికి. అక్కడ చుక్క కనపడితే పంపుకి రోజులు దగ్గర పడ్డాయని తెలుసుకుంటాం. కొన్ని సీళ్ళు చల్లగా ఉన్నప్పుడే కారి వేడెక్కాక మూసుకుంటాయి కాబట్టి పొద్దున్నే చూడటం మంచిది. నేను చూసినప్పుడల్లా అక్కడ పొడిగానే ఉంది. తుప్పు చార కూడా లేదు.

అసలు ఆధారం బానెట్ లోపలి వైపు దొరికింది. టార్చి వేసి చూస్తే, పుల్లీకి సరిగ్గా పైన, అడ్డంగా ఒక గీతలా తుప్పు రంగు చుక్కలు. రేడియేటర్ వెనక వైపు రెక్కల మీదా అవే చుక్కలు, ఫ్యాన్ చుట్టుకొలత మేరకి. అంటే నీళ్ళు రంధ్రం గుండా కాకుండా బేరింగ్‌లో నుంచే ముందుకి వచ్చి, తిరిగే పుల్లీ మీద పడి, చుట్టూ చిమ్మిపోతున్నాయి. వేడి ఇంజన్ మీద పడ్డ తుంపర ఆవిరైపోతుంది, ఇక కింద చుక్క ఎక్కడ కనపడుతుంది? అద్దం ముక్క కింద పెట్టి వీప్ హోల్ చూశాను. రంధ్రం లేదు. ఎవరో మహానుభావుడు దాన్ని ఎం-సీల్‌తో పూడ్చేశాడు.

ఆ లాజిక్ ఊహించుకోవచ్చు. కస్టమర్ పంపు కారుతోందని వస్తాడు, పంపు మార్చడానికి డబ్బులు ఇవ్వడు, కారే చోట మూసేస్తే కారడం ఆగుతుంది, పది రూపాయల మందుతో ఇద్దరూ సంతోషం. ఆ రంధ్రం మూసిన రోజు నుంచి సీల్ దాటిన ప్రతి చుక్కా బేరింగ్‌లోకి పోయి, గ్రీజు కడిగేసి, తుప్పు పట్టించింది. సీల్ ఒక్కటి మారిస్తే పోయేదానికి పంపు మొత్తం పోయింది. మావయ్యకి చెప్తే "కారడం ఆగిందిగా మరి" అన్నారు. ఆయనతో వాదించలేం.

ఇక విప్పడం. ముందు బ్యాటరీ తీగ తీసేయండి. రేడియేటర్ కింది ట్యాప్ విప్పితే నీళ్ళు వస్తాయి. నాకు వచ్చినవి కాఫీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. బ్లాకు పక్కన ఇంకో డ్రెయిన్ ట్యాప్ ఉంటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు, అది విప్పకపోతే బ్లాకు అడుగున బురద అలాగే ఉండిపోతుంది. నేను విప్పితే చుక్క కూడా రాలేదు, ట్యాప్ వెనక అంతా గట్టిపడ్డ తుప్పు. సైకిల్ స్పోకు పెట్టి పొడిస్తే కాసేపటికి ఎర్రటి బురద కారడం మొదలైంది, ఆగకుండా కారింది. బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి పోసిన ఇంజన్లో ఇది మామూలే. లోపల ఇనుప గోడలకి ఒక పక్క తుప్పు, ఇంకో పక్క ఉప్పు నీళ్ళ తెల్ల పొర.

పంపుని రేడియేటర్ తీయకుండా కూడా లాగొచ్చని కొందరు అంటారు. తీసేయండి. ఇంకో నాలుగు బోల్టులు, రెండు హోసులే కదా, చేతులకి చోటు దొరుకుతుంది, రేడియేటర్ రెక్కలు వంగవు, ఎలాగూ దాన్ని కూడా కడగాలి. రేడియేటర్ తీశాక ఆల్టర్నేటర్ వదులు చేసి బెల్టు తీసి, ఫ్యాన్ బోల్టులు విప్పి ఫ్యాన్, పుల్లీ బయటికి. ఫ్యాన్‌కి ఏ వైపు ముందుకి ఉందో పెయింటుతో గుర్తు పెట్టుకోండి, తిరగేసి బిగిస్తే కూడా తిరుగుతుంది గానీ గాలి సరిగా లాగదు, మళ్ళీ వేడెక్కుతోందని మొదటికొస్తారు.

పానాల విషయంలో జాగ్రత్త. ఈ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బి-సిరీస్, ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ తిరిగినదే. బోల్టులన్నీ ఇంచుల లెక్క. పంపు బోల్టు తలకి హాఫ్ ఇంచ్ పానా కావాలి, అంటే 12.7 మిల్లీమీటర్లు. పదమూడు నంబర్ పానా దాదాపు సరిపోతుంది, ఆ దాదాపే కొంప ముంచుతుంది, తుప్పు పట్టిన బోల్టు మీద జారి మూలలు గుండ్రం చేసేస్తుంది. నా బండికి రెండు బోల్టులు అప్పటికే సగం గుండ్రంగా ఉన్నాయి. ముందు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచి, పొద్దున తల మీద సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు వేసి, ఆరు మూలల సాకెట్‌తో, ఒక్కసారి విప్పే ప్రయత్నం చేయకుండా కొంచెం బిగిస్తూ కొంచెం విప్పుతూ పోతే నాలుగూ విరగకుండా వచ్చాయి. బ్లాకులో బోల్టు విరిగితే డ్రిల్లు పని, అదో పెద్ద కథ. బోల్టుల పొడవులు ఒకటి కావు కాబట్టి అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి, ఏ బోల్టు ఆ చోట గుచ్చి పెట్టాను.

పంపు బయటికి వచ్చాక ఇంపెల్లర్ చూసి కాసేపు మాట రాలేదు. రెక్కల చివర్లు తినేసి, ఉండాల్సిన ఎత్తులో సగం ఉన్నాయేమో. అందుకే హైవే మీద వేడెక్కేది. ఊళ్ళో ఇంజన్ మీద భారం తక్కువ, ఆ సగం రెక్కలు తోసే నీళ్ళు సరిపోయేవి.

ఇప్పుడు కొత్త పంపా, పాతదాన్నే బాగుచేయించడమా? అంబాసిడర్ తయారుచేసిన ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ పేరుని ప్యుజో వాళ్ళు 80 కోట్లకి కొన్నారు. పేరు కొన్నారు గానీ 1984 మోడల్‌కి పంపు చేసి పెట్టరు కదా. పాత కంపెనీ స్టాకు ఎక్కడైనా అట్టపెట్టెలో దొరికితే అదృష్టం. మిగిలినవన్నీ బయట తయారైనవి. ఆటోనగర్‌లో ఒక షాపులో కొత్తది చూపించారు, చేతిలోకి తీసుకుంటేనే తేలిపోయింది, ఇంపెల్లర్ రేకుతో ఒత్తినది, బ్లాకుకి ఆనే ముఖం మీద టూలు గీతలు గోటికి తగులుతున్నాయి. బయట తయారైనవన్నీ చెడ్డవని అనను, బాగా నడిచేవీ ఉన్నాయి. కొనేటప్పుడు మూడు చూడండి: షాఫ్టు తిప్పితే ఒకే రకమైన బిగువుతో తిరగాలి, ముఖాన్ని అద్దం పలక మీద పెడితే ఊగకూడదు, వీప్ హోల్ లోపలి దాకా తెరిచి ఉండాలి. మూడోది నవ్వులాట కాదు, పోత పోసినప్పటి మట్టి అందులోనే ఉండిపోయిన పంపుని నేను చేత్తో పట్టుకుని చూశాను.

అక్కడే రెండు వీధులవతల లేత్ షెడ్డులో ఒక పెద్దాయన పాత పంపులు బాగుచేస్తారు. నా పంపు చూసి సుత్తితో టంగున ఒకటి కొట్టి విని, "బాడీకి ఢోకా లేదు బాబూ, గట్టి ఇనుము. లోపల సామాను మారుద్దాం, నీ తర్వాత నీ కొడుకు కూడా తిప్పుకుంటాడు" అన్నారు. నాకు పెళ్ళే కాలేదని చెప్పాను. "అప్పటిదాకా కూడా వస్తుందిలే" అన్నారు.

ఆ పని దగ్గరుండి చూశాను, చూడదగ్గ పని. పుల్లీ బిగించే హబ్‌ని పుల్లర్‌తో లాగారు. బాడీ పైన ఒక రంధ్రంలో నుంచి చిన్న తీగ లాంటి క్లిప్పు తీశారు, బేరింగ్ జరగకుండా పట్టేది అదే, అది తీయకుండా ప్రెస్ కింద పెడితే బాడీ పగులుతుంది. తర్వాత షాఫ్టు, బేరింగ్ కలిసి ఒకే ముక్కగా బయటికి వచ్చాయి, వాటి వెనకే సీల్. పాత బేరింగ్‌లో గ్రీజు బదులు ఎర్ర బురద. కొత్త కిట్టులో షాఫ్టుతో కలిసిన బేరింగ్, స్ప్రింగ్ ఉన్న కార్బన్ సీల్, ఇంపెల్లర్ ఉంటాయి. సీల్ కార్బన్ ముఖానికి ఒత్తుకుని ఇంపెల్లర్ వీపు తిరుగుతుంది, ఆ రెండూ అద్దంలా నున్నగా ఉండాలి, వేలిముద్ర జిడ్డు కూడా లేకుండా తుడిచి బిగించారు. ఇంపెల్లర్‌ని ప్రెస్‌తో ఎక్కించేటప్పుడు ఆయన ఫీలర్ గేజ్ పెట్టి కొలిచారు, రెక్కలకీ బాడీకీ మధ్య అర మిల్లీమీటరుకి కాస్త పైన సందు ఉండాలి. తక్కువైతే రాసుకుంటుంది, ఎక్కువైతే నీళ్ళు తోయకుండా అక్కడక్కడే తిప్పుతుంది. ఎం-సీల్‌ని డ్రిల్లు బిట్టుని చేత్తో తిప్పుతూ తొలిచేశారు, అది పూడ్చినవాడిని ఉద్దేశించి ఆయన అన్న మాట ఇక్కడ రాయలేను.

కొన్ని పాత పంపులకి బాడీ మీద చిన్న స్క్రూ ప్లగ్ ఉంటుంది, బేరింగ్‌కి నూనె వేయడానికి. అలాంటిది మీ బండికి ఉంటే గ్రీజు గన్ పెట్టి ఒత్తకండి, ఒత్తిడికి గ్రీజు బేరింగ్ దాటి సీల్ ముఖం మీదికి పోతుంది, ఆ తర్వాత సీల్ పట్టదు. ప్లగ్ విప్పి గేర్ ఆయిల్ కొన్ని చుక్కలు వేస్తే చాలు. ఖర్చు అంతా కలిపి కొత్త పంపు ధరలో సగం కూడా కాలేదు.

బిగించే ముందు బ్లాకు ముఖం మీద పాత ప్యాకింగ్ అంతా బ్లేడుతో గీకాలి, బ్లాకు లోపలికి రాలకుండా గుడ్డ కూరి. కొత్త పేపర్ ప్యాకింగ్‌కి రెండు వైపులా అనాబాండ్ (అతుకుల్లో రాసే పేస్టు) పల్చగా, వేలితో రాసినంతే. మన మెకానిక్కులు దాన్ని టూత్‌పేస్టులా పిండుతారు, బయటికి ఒత్తుకొచ్చింది కనపడుతుంది, లోపలికి ఒత్తుకుపోయింది కనపడదు, అది ఊడిపోయి రేడియేటర్ గొట్టాల్లో ఇరుక్కుంటుంది. బోల్టులు ఎదురెదురు మూలలుగా, కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. రేడియేటర్‌నీ బ్లాకునీ తోట పైపుతో ఉల్టా దిశలో కడిగాను, తేట నీళ్ళు వచ్చేదాకా. రేడియేటర్ పర్లేదు, ఎన్నోసార్లు రాడింగ్ చేయించిన పుణ్యం.

థర్మోస్టాట్ మళ్ళీ పెట్టాను. దీని గురించి ఆటోనగర్‌లో పెద్ద చర్చే జరిగింది, మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకన్నది అందరి మాట. ఎండ 45 ఉన్నా ఇంజన్ కోరుకునేది 80 పైనే. అది లేకపోతే ఇంజన్ చలికాలం పొద్దున్న చాలాసేపు చల్లగానే తిరుగుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. బిగించే ముందు గిన్నెలో నీళ్ళు మరిగించి దారంతో వేలాడదీసి, తెరుచుకుంటోందో లేదో చూసుకోండి, కొత్తదైనా సరే. పాతవి మూసుకున్నచోటే బిగుసుకుపోవడం నిజమే, ఆ భయంతోనే అందరూ పీకేస్తారు. భయముంటే కొత్తది వేసుకోవాలి గానీ ఖాళీగా వదిలేస్తే ఎలా?

బెల్టు బిగువు గురించి ఒక మాట. కొత్త బేరింగ్‌ని చంపాలంటే బెల్టుని వీణ తీగలా బిగించడమే సులువైన దారి. కీచుమంటోందని ఇంకా బిగిస్తారు, కీచు ఆగుతుంది, బేరింగ్ అరుగుతుంది. పుల్లీల మధ్య పొడుగు భాగంలో బొటనవేలితో ఒత్తితే అర ఇంచు దిగాలి, అంతే. అంతకీ కీచుమంటే బెల్టు పాతబడి పక్కలు నున్నబడ్డాయని అర్థం, బెల్టు మార్చండి. కొత్త బెల్టు కొన్నాళ్ళు తిరిగాక సాగుతుంది, అప్పుడు ఒకసారి సరిచేసుకోవాలి.

నీళ్ళ బదులు కూలెంట్. విజయవాడలో మంచు పడుతుందా అని నవ్వకండి, గడ్డకట్టడం మన సమస్య కాదు. అందులో తుప్పు పట్టకుండా ఆపే మందులుంటాయి, మనకి కావాల్సింది అవే. సగానికి సగం కలిపితే మరిగే స్థాయి కూడా కొంచెం పెరుగుతుంది. కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడాను, బోరు నీళ్ళు కలిపితే మళ్ళీ కథ మొదలే. ఒక జాగ్రత్త, ఇది విషం, పైగా తియ్యగా ఉంటుంది, నేల మీద ఒలికితే వీధి కుక్కలు నాకుతాయి. తీసేటప్పుడు బేసిన్లో పట్టి, ఒలికినచోట నీళ్ళు కొట్టండి. నింపేటప్పుడు తొందరపడకూడదు, నెమ్మదిగా పోస్తూ పై హోస్‌ని పిసుకుతూ ఉంటే గాలి బుడబుడమని బయటికి వస్తుంది. మూత తీసి ఉంచే ఇంజన్ నడిపి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక మట్టం ఒక్కసారి పడిపోతుంది, అప్పుడు ఇంకొంచెం పోసి మూత పెట్టాలి. అదే సమయంలో లోపలికి తొంగిచూస్తే నీళ్ళు రేడియేటర్ తలలో ఒక పక్క నుంచి పరుగెత్తడం కనపడుతుంది. అంతకుముందు ఈ బండిలో ఆ ప్రవాహం ఎప్పుడూ చూడలేదు. వేడెక్కాక మూసిన మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు, ముఖం కాలిపోతుంది.

ఎండ ముదిరాక ఒక మధ్యాహ్నం మావయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఏలూరు వైపు హైవే ఎక్కాను. ఎనభైలో పోనిచ్చాను, ముల్లు మధ్యలోకి వచ్చి అక్కడే ఆగింది. టోల్ గేటు దగ్గర బారులో ఇంజన్ ఆపకుండా నిలబడితే కొంచెం ఎక్కి, కదిలాక దిగింది. శబ్దం లేదు. మావయ్య దారి పొడుగునా ముల్లునే చూస్తూ కూర్చున్నారు, హనుమాన్ జంక్షన్ దగ్గర టీకి ఆపితే మాత్రం అలవాటుగా దిగి, డిక్కీ తీసి, క్యాన్ పట్టుకుని బానెట్ దగ్గరికి వచ్చేశారు. "వేడి మీద మూత తీయకు మావయ్యా" అంటే, "మరి ఈ నీళ్ళేం చేయను" అన్నారు. టీ కొట్టు పక్కన వేపమొక్కకి పోశాం.

ఇంటికొచ్చి చల్లబడ్డాక మూత తీసి చూస్తే మట్టం ఎక్కడిదక్కడే ఉంది. వీప్ హోల్ పొడిగా ఉంది, ఈసారి రంధ్రం ఉండి మరీ పొడిగా ఉంది. కాకపోతే తుప్పంతా కడిగేసరికి అప్పటిదాకా ఆ తుప్పే మూసిపెట్టిన కోర్ ప్లగ్ (బ్లాకు గోడలోని రంధ్రానికి బిగించే రేకు బిళ్ళ) ఒకటి ఇప్పుడు చెమ్మగిల్లుతోంది. అది బ్లాకు వెనక ప్లగ్ కాకుండా పక్కదే అయితే బాగుండు, ఎందుకంటే వెనకదానికి చెయ్యి పెట్టాలంటే గేర్‌బాక్సు దించాలి. రేపు ఆదివారం బండి ర్యాంపు ఎక్కించి చూడాలి.